కళ్యాణదుర్గం దారిలో చెక్కల మోత

రాజమండ్రిలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోదావరి వంతెన దాటేటప్పటికి ఇంకా వెలుతురుంది. కొబ్బరితోటలు, నిండు కాలవలు, అప్పుడే రెండో పంట దాళ్వా ఊడ్చిన చేలు చూస్తూ చూస్తూ నిద్రలోకి జారుకున్నాను. తెల్లవారి లేచేసరికి రైలు చాలా దూరం వచ్చేసింది. కిటికీలో నీళ్ళన్న మాటే లేదు. ఎర్రమట్టి నేల, పంట తీసేసిన చేలు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టున్న బండరాళ్ళు, వాటన్నిటి మీదా అడ్డులేని ఆకాశం. మా కోనసీమలో ఆకాశం కొబ్బరాకుల సందుల్లోంచి ముక్కలుముక్కలుగా కనబడుతుంది. ఇంత ఆకాశాన్ని ఒక్కసారి చూడడం నాకు కొత్త. అనంతపురం స్టేషను వచ్చేదాకా కిటికీ వదల్లేదు.

ఎందుకొచ్చానో ముందు చెప్పాలి. మా ఊళ్ళో కోలాటం ఉంది. ఆడవాళ్ళందరం ఒకే రంగు చీరలు కట్టుకుని, స్పీకర్లో పాట పెట్టుకుని ఆడతాం. బాగానే ఉంటుంది. కానీ ఎవరిదైనా అడుగు తప్పిందంటే అంతే, పాట ముందుకు వెళ్ళిపోతుంది, మనం వెనకబడతాం. కొత్తవాళ్ళు రెండుమూడుసార్లు అలా వెనకబడి, సిగ్గుపడి మానేస్తారు. అనంతపురం పల్లెల్లో గురువు మనుషుల మధ్యలో నిలబడి తనే పాడుతూ, పాటలోనే అడుగులు చెబుతాడని, రాత్రిళ్ళు గుడి ముందు ఊరివాళ్ళకి నేర్పుతాడని విన్నాను. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి ‘తెలుగువారి జానపద కళారూపాలు’లో చేత చెక్కలు కొడుతూ ఆడే చెక్కభజన గురించి, కోలాటం గురించి చదివాను. చదివాక కాళ్ళు ఆగలేదు.

అనంతపురంలో దిగగానే ఉగ్గాని తినండి. ఇది నా మొదటి సలహా. బొరుగుల్ని నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు తాలింపులో వేసి, పైన పుట్నాలపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లల చిరుతిండి. వాటితో పొద్దున్నే కడుపు నిండా టిఫిను చేస్తారని నాకు తెలీదు. బండి దగ్గర నిలబడి రెండో ప్లేటు అడుగుతుంటే, బండాయన “ఇంగో బజ్జీ ఏపిచ్చుకో తల్లీ, ఉగ్గాని ఒగటే తింటే ఏముంటాది” అన్నాడు. ఆ మాట నిజం.

అక్కడినుంచి కళ్యాణదుర్గం బస్సు. దారి పొడుగునా కొండల మీదా, మైదానంలోనూ తెల్లటి గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి. పక్కసీటులో కూర్చున్న పెద్దాయన వాన సంగతి చెప్పాడు. ఈ జిల్లాలో ఏడాదికి సగటున పడేది దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యం బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. రెండిటికీ చివరి ఊరు మాదే అన్నాడాయన. మా అమలాపురం వైపు దాదాపు దీనికి రెట్టింపు పడుతుంది, ఆపైన గోదావరి కాలవలు. వాన ఎక్కువై చేలు మునిగాయని ఏడ్చే ఊరు నాది. “మీకు మునిగేదానికన్నా నీళ్ళుండాయి” అన్నాడు పెద్దాయన. ఆ మాటలో ఈర్ష్య లేదు, ఉన్నమాట చెప్పాడంతే.

కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం వెళ్ళే దారిలో ఒక క్రాసు దగ్గర ఆటో అతను నన్ను దించేశాడు. “గాలిమర కాడ ఎడమకి తిరుగుకో” అని చెప్పి వెళ్ళిపోయాడు. చుట్టూ చూస్తే నాలుగు పక్కలా గాలిమరలే! ఏ గాలిమర? ఎవరి ఎడమ? మా వైపు దారి తప్పడం కష్టం. కాలవగట్టు పట్టుకుని నడిస్తే ఏదో ఒక ఊరు తగులుతుంది, అక్కడ అడగొచ్చు. ఇక్కడ పట్టుకుని నడవడానికి ఏమీ లేదు. ఎటు చూసినా ఒకేలా ఎర్రగా, కంచె మొక్కలతో, ఎండలో మెరుస్తూ నేల. చాలాసేపు నడిచాక భుజాన గొంగడితో గొర్రెల్ని తోలుకొస్తున్న మనిషి కనబడ్డాడు.

“యాడికి పోతాండావమ్మా?”

“చెక్కభజన నేర్పే గురువుగారి ఊరికండి.”

“గురువు కాడికా? నేనూ ఆడికే. మాపటికి నేనూ చెక్క పట్టల్ల. గొర్రెల ఎనకాల రా.”

అలా గొర్రెల మంద వెనక ఊళ్ళోకి అడుగుపెట్టాను. ఇంతకంటే మంచి ప్రవేశం కోరుకున్నా దొరకదు. దారిలో ఆయన కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. ప్రతి చరణం చివరా మడమతో నేలని రెండుసార్లు తడుతున్నాడు. అలవాటైపోయిన కాలది.

వాళ్ళింట్లోనే నన్ను భోజనానికి కూర్చోబెట్టారు. రాగిసంకటి ముద్ద, చెనిక్కాయలు వేయించి కచ్చాపచ్చాగా దంచిన ఊరిమిండి, మజ్జిగ. ఆ ఇంటావిడ నా తిండి చూసి కంగారుపడింది. “నమలద్దు మా, మింగల్ల. పండ్లకు తగలకూడదు” అంది. ముద్దలో చిన్న తునక తుంచి, వేళ్ళతో గుంటచేసి, ఊరిమిండి అద్ది, ఎలా మింగాలో చూపించింది. ఊరిమిండి ఘాటు నోట్లో ఉండగానే సంకటి చల్లగా లోపలికి జారిపోతుంది. రోజూ మూడుపూటలా వరన్నం తినే నాకు ఇది చాలా నచ్చింది. ఊరిమిండిలోని ఈ చెనిక్కాయ, అంటే వేరుశనగే, ఇక్కడి బతుకు. జూన్, జూలైల్లో వాన పడితే విత్తుతారు, దసరా దీపావళి రోజుల్లో పీకుతారు. బోరులో నీళ్ళున్న కొద్దిమందికి తప్ప మళ్ళీ వాన దాకా చేలో పని లేదు. చాలామంది బెంగళూరు పనులకు పోతారు. ఊళ్ళో మిగిలినవాళ్ళకి, సంక్రాంతికి తిరిగొచ్చి ఆగిపోయినవాళ్ళకి రాత్రులు పొడుగు. ఆ రాత్రుల్లోనే నేర్చుకోవడం. శ్రీరామనవమి నాటికి సిద్ధమవ్వాలి. రెండు పంటల మా కోనసీమలో ఇన్ని ఖాళీ రాత్రులు వరసగా దొరకవు. దాళ్వా నీరు వదిలారంటే మనుషులు చేలోనే ఉంటారు.

ఎనిమిదింటికి రామాలయం ముందు లైటు వేశారు. మాఘమాసం చలి ఆ మైదానంలో గట్టిగానే ఉంది. ఒక్కొక్కరే దుప్పటి కప్పుకుని వచ్చి, గుడి అరుగు మీద మడిచిపెట్టి, గజ్జెలు కట్టుకుంటున్నారు. చెక్కల జత ఒకటి నా చేతికిచ్చారు. జానెడు పొడవు, లోపలివైపు చదును, పైవైపు అరచేతుల రాపిడికి నున్నగా నల్లబడి ఉంది. తొలిచిన సందుల్లో పలచటి బిళ్ళలు వదులుగా ఆడుతున్నాయి. తాటిస్తే చెక్క మోత ముందు, దాని వెనకే బిళ్ళల గలగల. అంత చిన్న వస్తువులోంచి అంత మోత వస్తుందని అనుకోలేదు. ఇరవైమంది ఒక్కసారి కొడితే ఛాతీలో తగులుతుంది.

గురువుగారు వచ్చారు. అరవై దాటిన రైతు, సన్నగా ఉంటారు, తలకి తుండుగుడ్డ. చిన్నప్పుడు ఊరూరూ తిరిగి నేర్పే ఒక గురువు దగ్గర నేర్చుకున్నారట. ఇప్పుడు తనే అలా తిరుగుతారు. నేర్పే క్రమం చూడండి. మొదట ఎవరినీ లేవనివ్వలేదు. అందరూ చుట్టూ కూర్చుని పాట పాడాలి. రామాయణం పాట, ఆయన ఒక పాదం పాడితే వీళ్ళు అదే పాదం తిరిగి పాడాలి. నోటికి వచ్చాక, కూర్చునే చెక్క కొట్టాలి. చెయ్యి కుదిరాక చెక్కలు కింద పెట్టేసి లేచి, ఉత్త కాళ్ళతో అడుగు. మూడూ విడివిడిగా వచ్చాకే కలపడం. నోరు, చెయ్యి, కాలు, ఇదీ వరస. మా ఊళ్ళో వీడియో చూసి మూడూ ఒకేసారి పట్టుకోబోతాం.

ఆయన మధ్యలో నిలబడి అడుగులు ఎలా మారుస్తున్నారో కనిపెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. పాట ఆగడం లేదు, కానీ వలయం ఉన్నట్టుండి రెండు వరసలవుతుంది, వరసలు ఒకదాన్లోంచి ఒకటి దాటి మళ్ళీ వలయమవుతాయి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? దగ్గరికి వెళ్ళి నిలబడితే అప్పుడు తెలిసింది. ఆయన పాదం పాడగానే వలయం ఆ పాదాన్నే అందుకుంటుంది. వాళ్ళు పాడేంతసేపూ ఆయన నోరు ఖాళీ. ఆ ఖాళీలో, పాదం పూర్తయ్యే ముందు, “తిరుగు”, “ఎదురు”, “కూకో” అని ఒక్క మాట వేస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు పాడుతూనే వింటారు. పాదం ముగిసే దెబ్బకి కాళ్ళు మారిపోతాయి. మాట మరీ ముందుగా పడితే కొందరు ముందే తిరుగుతారు, ఆలస్యమైతే ఎవరూ తిరగరు. ఆ సందు చూసి వెయ్యడమే గురువు విద్య. మరీ మోత ఎక్కువైనప్పుడు మెళ్ళో ఉన్న విజిలు ఊదుతారు.

అమెరికాలో స్క్వేర్ డ్యాన్స్ అని ఒకటుంది. నాలుగు జంటలు చదరంగా నిలబడితే, కాలర్ అనే మనిషి మైకు పట్టుకుని అడుగులు పిలుస్తాడు. అక్కడా అంతే, పిలుపు అడుగుకంటే కాస్త ముందు పడాలి. కానీ ఆ కాలర్ వేదిక మీద ఉంటాడు. ఇక్కడ గురువు కాళ్ళకీ గజ్జెలుంటాయి. ఏ అడుగు చెబుతాడో ఆ అడుగు తనూ వేస్తాడు, ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి వేస్తాడు.

ఆ రాత్రి నేను చూసినవాటిలో నన్ను బాగా కట్టిపడేసింది ఒక కుర్రాడి సంగతి. పదమూడేళ్ళుంటాయేమో. అందరూ కుడికి తిరిగితే వాడు ఎడమకి తిరుగుతున్నాడు. గురువు చూశారు. వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు, ఆట ఆపలేదు. పాడుతున్న పాదాన్నే మళ్ళీ పాడారు. వలయమంతా మళ్ళీ అదే పాదం అందుకుంది. ఆయన మెల్లగా జరుగుతూ వాడి ముందుకొచ్చి, వాడికి వీపు పెట్టి నిలబడ్డారు. అప్పుడు ఆయన కుడీ వాడి కుడీ ఒక్కటే. ఎదురుగా నిలబడి చూపిస్తే తలకిందులవుతుంది కదా, అందుకు. ఆ పాదం తిరిగి తిరిగి పాడుతూనే ఉన్నారు. కుర్రాడు ఆయన మడమలు చూస్తూ ఒకసారి తిరిగాడు, తప్పు. మళ్ళీ. ఈసారి సగం. మళ్ళీ. కుదిరింది. ఇంకోసారి కుదిరింది. అప్పుడు గురువు గొంతు తరవాతి పాదంలోకి వెళ్ళింది. వలయంలో ఎవరూ విసుక్కోలేదు. ఏమీ జరగనట్టే ఆట సాగింది.

మధ్యలో బొరుగులూ చెనిక్కాయలూ బెల్లమూ పంచుతున్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ మాటే అడిగాను. అన్నిసార్లు ఒకే పాదం పాడారేమని.

“పాట నేనే గదమ్మా పాడేది. వానికి వచ్చేదాంక అదే పాడతా. యాడికి పోతాది పాట?”

మా ఊరి స్పీకరు పెట్టె ఈ పని చెయ్యలేదు. దానికి కుర్రాడు కనబడడు. కోలాటం కర్రలూ చీరలూ మా దగ్గర వీళ్ళకంటే ఎక్కువే ఉన్నాయి. లేనిది ఆగి చూసే గొంతు. అది తెలుసుకోవడానికి రాష్ట్రం ఈ చివర్నుంచి ఆ చివరికి వచ్చాను, రావడం మంచిదైంది.

మర్నాడు సాయంత్రం ఆడవాళ్ళ కోలాటం. చెక్కభజన ఇక్కడ ఎక్కువగా మగవాళ్ళది. కోలాటంలో ఇప్పుడు ఆడవాళ్ళదే పైచెయ్యి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో వాహనం ముందు ఆడే బృందాల్లో ఇలాంటి పల్లెల ఆడవాళ్ళే కనబడతారు. కోలాటంలో ఇద్దరిద్దరు ఉద్దులు. సగంమంది లోపలి ఉద్ది, సగంమంది వెలుపలి ఉద్ది. కోలలు తాటించేది ఉద్దితోనే. కాబట్టి సరిసంఖ్య లేకపోతే ఆట మొదలవదు. అది ఈ నేలలో చిన్న సంగతి కాదు. పనికోసం ఎవరు ఎప్పుడు బెంగళూరు బస్సెక్కుతారో తెలీదు. ఒకరు వెళితే ఊళ్ళో మిగిలిన ఆమె కోల గాలిలో ఆగిపోతుంది. అప్పుడు గురువు వరసంతా మళ్ళీ సర్దుతారు, లేదంటే తనే ఉద్దిగా నిలబడతారు. ఆ సాయంత్రం ఒకామె రాలేదు. గురువు నా వంక చూశారు.

“రా తల్లీ. వెలుపల ఉద్దికి నిలబడు. కోపు నేను చెప్తా.”

నా ఉద్ది ఇరవై ఏళ్ళ పిల్ల. “నా కోల చూడొద్దక్కా, నా కండ్లు చూడు” అంది. చూశాను. కోల దానంతటదే వచ్చి తగిలింది. కోపు, అంటే అడుగుల తీరు, మారినప్పుడు ఒక ఉద్దిని వదిలి ఇంకో ఉద్దికి పోవాలి. అలా పోతూపోతూ వలయమంతా తిరిగి, లోపలి ఉద్దులందరి కళ్ళలోకీ చూసి, మళ్ళీ మొదటి పిల్ల దగ్గరికి వచ్చాను. కొత్త ఊళ్ళో పరిచయాలు చేసుకోవడానికి ఇంతకంటే చక్కటి పద్ధతి నేనెరగను. ఆట అయ్యేసరికి అందరూ “అక్కా” అని పిలుస్తున్నారు, మర్నాటి భోజనానికి మూడిళ్ళ నుంచి పిలుపులు వచ్చాయి.

చివర్లో జడకోపు చూపించారు. గుడిముందు పందిరి నుంచి రంగురంగుల తాళ్ళు వేలాడదీసి, తలా ఒకటి పట్టుకుని, లోపలివాళ్ళు ఒక దిక్కుకీ వెలుపలివాళ్ళు ఇంకో దిక్కుకీ ఒకరినొకరు దాటుతూ ఆడతారు. తాళ్ళు పైన జడలా అల్లుకుంటూ దిగుతాయి. ఇంగ్లండులో మే నెల పండక్కి స్తంభానికి రంగు రిబ్బన్లు కట్టి దాదాపు ఇలాగే అల్లుతారు. అల్లడం చూడ్డానికి బాగుంటుంది. విప్పడం చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అన్ని దాట్లూ వెనక్కి, తిరుగు వరసలో జరగాలి. గురువు గొంతు అప్పుడు తగ్గింది. పాట కంటే “పైన, కింద, పైన, కింద” అన్న మాటలే ఎక్కువ వినబడ్డాయి. చివరి ముడి విడిపోయి తాళ్ళు విడివిడిగా ఊగినప్పుడు చూసేవాళ్ళందరం అరిచేశాం.

మీరు వెళ్ళేటట్టయితే సంక్రాంతికీ శ్రీరామనవమికీ మధ్య వెళ్ళండి. నేర్పడం చూడాలంటే ఆ రోజులే. విత్తనం పడ్డాక వెళితే గురువులు చేలో ఉంటారు. ముందుగా గుడి దగ్గర అడగండి, ఎవరింట్లో ఉండాలో వాళ్ళే చెబుతారు. ఫోను తీసి వీడియో పట్టేముందు ఒకపూట ఊరికే కూర్చోండి. పీర్ల పండగ నాటికి వెళ్ళేవాళ్ళు నార్పల దగ్గర గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి వెళ్ళండి. హిందువులూ ముస్లిములూ కలిసి చేసే పండగ, అగ్నిగుండం చుట్టూ ఆడే అలాయి ఇంకో రకం సందడి.

తిరుగు ప్రయాణంలో లేపాక్షికి వెళ్ళాను. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది, హిందూపురం నుంచి దగ్గరే. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తున్నారు. నేను నాట్యమండపంలోని శిల్పాల దగ్గర ఉండిపోయాను. స్తంభాల మీద రంభ నాట్యం చేస్తుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడు వీణ పట్టాడు. ఒక స్తంభం మీద నాట్యం నేర్పే భృంగి ఉన్నాడు, మూడు కాళ్ళతో. పురాణంలో ఆ మూడో కాలికి వేరే కథ ఉంది. కానీ గుడి ముందు ఆ రాత్రి చూసొచ్చిన నాకు అది సరిగ్గా అనిపించింది. నేర్పేవాడికి ఆడడానికి రెండు కాళ్ళు, చూపించడానికి ఇంకొకటి కావాలి. చాలాసేపు ఆ కాలి దగ్గరే నిలబడ్డాను.

బయల్దేరే ముందు గురువుగారిని మా ఊరికి రమ్మని అడిగాను. కోనసీమ ఎంత దూరమో అడగలేదాయన. “మీకు పంట కోసేదెప్పుడు?” అన్నారు.

“దాళ్వా కోతలు ఏప్రిల్లో అయిపోతాయండి.”

వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. “మాకు జూన్లో వాన పడితే చెనిక్కాయ విత్తల్ల. ఆ నడుమ వస్తా. గుడి ముందర చోటుండల్ల. నేర్చుకునే దినాలు మాంసం ముట్టగూడదు. అందరూ దినామూ రావల్ల. లెక్క సరిగా ఉండల్ల, బేసి వద్దు. గజ్జెపూజ అయినాకనే జనంలో ఆడేది.”

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పనిమీదే ఉన్నాను. రామాలయం కమిటీవాళ్ళు చోటిస్తామన్నారు. మాంసం సంగతి చెప్పగానే ఇద్దరు ఆలోచించుకుని చెబుతామన్నారు. ఇప్పటికి పదిహేనుమంది పేర్లిచ్చారు, మా వీధి చివరి కిరాణాకొట్టు ఆవిడ కూడా వస్తే పదహారు.